డెబ్బై గేట్లు, 256 చుక్కలు

పున్నమి ఘాట్‌లో భవానీ ద్వీపం పడవ ఎక్కగానే అందరూ సెల్ఫీలకి ఫోన్లు తీస్తారు. నేను గళ్ల కాగితం తీశాను. పక్కన కూర్చున్న పాప "అంకుల్, హోంవర్కా?" అంది. ఒకరకంగా అంతే.

వెనక్కి తిరిగి చూస్తే ప్రకాశం బ్యారేజీ. దాన్ని జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ గేమ్‌లోకి ఎక్కించాలి. 1982లో బ్రిటన్‌లో వచ్చిన ఇంటి కంప్యూటర్ అది. టీవీకి తగిలించి, క్యాసెట్ టేపులోంచి గేమ్స్ లోడ్ చేసుకునేవాళ్లు. ఇప్పుడు దాని ఎమ్యులేటర్ మీ ఫోన్‌లోనే నడుస్తుంది. స్క్రీన్ అడ్డంగా 256 చుక్కలు, నిలువుగా 192. మీ వాట్సాప్ డీపీ కూడా అందులో పట్టదు.

గేట్లు 70. ఒక్కోదానికి మూడు చుక్కలు, అంటే నీళ్లకి రెండు, స్తంభానికి ఒకటి అనుకుంటే 210 అయిపోయాయి. మిగిలిన 46లో ఎడమ పక్క ఇంద్రకీలాద్రి, కుడి పక్క సీతానగరం కొండ ఇరికించాలి. అమ్మవారి గోపురానికి నాలుగు చుక్కలు మిగిలాయి. దణ్ణం పెట్టుకుని నాలుగే ఇచ్చాను. గేట్లు సగానికి తగ్గిస్తే పనైపోయేది, ఎవరు లెక్కపెడతారు? కానీ మనసొప్పలేదు. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగింది. దాని స్థానంలో 1957లో వచ్చింది ఈ బ్యారేజీ. 12 లక్షల ఎకరాలకు పైగా డెల్టా పొలం దీని నీళ్లమీద బతుకుతోంది. సగం గీస్తే ఎలా?

కదలని బొమ్మ సులువే. కదిలే బొమ్మని స్ప్రైట్ అంటారు, తిప్పలన్నీ దానితోనే. నా స్ప్రైట్ ఒక పడవ. వరసకి ఎనిమిది గళ్లు, వాటి విలువలు ఎడమ నుంచి 128, 64, 32, 16, 8, 4, 2, 1. నింపిన గళ్లు కూడితే ఆ వరస నంబరు వస్తుంది. పడవ అడుగుభాగం 255, 126, 60. కాగితం మీద వేసి చూడండి, పడవే కనిపిస్తుంది. అదే ఏడాది వచ్చిన కమొడోర్ 64లో స్ప్రైట్లు కదపడానికి వేరే చిప్ ఉంది. స్పెక్ట్రమ్‌లో లేదు, చెరపడం, మళ్లీ గీయడం అంతా ప్రాసెసర్ పనే. పైగా ఎనిమిదికి ఎనిమిది గడిలో రెండే రంగులు. నా ఎర్ర పడవ పక్కనుంచి వెళ్తుంటే గేటు స్తంభాలూ ఎర్రబడిపోయేవి. పాత గేమ్స్ చాలావాటిలో ఆట జరిగే చోటంతా ఒకే రంగులో ఎందుకుంటుందో అప్పుడు అర్థమైంది.

గేమ్ ఐడియా 2024 సెప్టెంబరు వరదలది. బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కొట్టుకొచ్చిన పడవలు గేట్ల కౌంటర్‌వెయిట్లని గుద్దాయి. నా గేమ్‌లో వాటిని ఆపాలి. ఆపలేకపోతే 'టుక్'మని శబ్దం, ఒక లైఫ్ పోతుంది.

సింగ్ నగర్‌లో పిన్నికి చూపించాను. బుడమేరు వాళ్ల కింది అంతస్తు ముంచేసింది. గళ్ల కాగితం చూసి ముందు "ఎన్ని చుక్కల ముగ్గురా ఇది?" అని నవ్వింది. పడవ వచ్చి గేటుకి తగిలి 'టుక్' అన్నాక నవ్వలేదు.

"ఇందులో పాల ప్యాకెట్లు ఏవి?"

"పాలా?"

"మేం డాబా మీద కూర్చుని పడవ కోసం చూసింది పాలకీ, నీళ్లకీ. గేట్ల కోసమా?"

ఏం చెప్పాలో తెలీలేదు. నాకు టీవీలో కనిపించిన పడవ వేరు, ఆవిడకి వీధి చివర కనిపించిన పడవ వేరు.

ఇప్పుడు బ్యారేజీ టైటిల్ బొమ్మ మాత్రమే, 70 గేట్లతోనే ఉంది. ఆట సింగ్ నగర్ వీధిలో జరుగుతుంది. పడవ స్ప్రైట్ అదే, పని మారింది. కొత్తగా ఎనిమిదికి ఎనిమిదిలో పాల ప్యాకెట్ గీయాల్సొచ్చింది. మొదటిది దిండులా వచ్చింది, రెండోది అచ్చం సెల్‌ఫోన్. పిన్ని పెన్ను తీసుకుని పైన కుడి మూల కొట్టేసింది.

"కత్తెరతో కత్తిరించినట్టా?" అన్నాను.

"కత్తెరెక్కడిది? పళ్లతో కొరికి పిల్లాడికి పట్టాం."

పై వరసలో చివరి రెండు గళ్లు తీసేశాను. 255 కాస్తా 252 అయింది. కింది వరసలో ఒకటి తీస్తే 254. ఇప్పుడది పాల ప్యాకెట్టే.