ఒక్క రజాయీ

ఢిల్లీలో నౌకరీ ఖాయమైంది, జనవరికల్లా చేరాలి. అక్కడ ఆ నెలలో ఫజర్ వేళకు నాలుగైదు డిగ్రీలకు దిగడం మామూలే. మా బారువలో చలికాలమంటే సముద్రపు గాలికి అమ్మీ చెవులకు దుపట్టా చుట్టుకోవడం, అంతే.

చలికి మసాయిల్ ఉన్నాయి. వుజూ చేసి తోలు మేజోళ్ళు తొడిగితే, తర్వాతి వుజూల్లో పాదాలు కడగనక్కర్లేదు, మసహ్ చాలు. ముకీమ్‌కి ఒక పగలూ రాత్రీ, ముసాఫిర్‌కి మూడు. హనఫీ ఫిఖహ్‌లో 15 రోజులుంటానని నియ్యత్ చేస్తే ముకీమే. నా ఫికర్ ఆ నియ్యత్ దగ్గరే: ఎన్నాళ్ళకని వెళ్ళాలి?

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మా కొబ్బరిచెట్లు కూలిపోయాయి. మళ్ళీ నాటినవి ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. ఇల్లు వాటితో గడవదు. అబ్బాకు కిడ్నీ జబ్బు, మా ఉద్దానంలో ఎన్నో ఇళ్ళలో ఉన్నదే. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు తీసుకెళ్ళేది నేనే. మందులకు జీతం కావాలి, బండి ఎక్కించడానికి మనిషీ కావాలి.

ఇస్తిఖారా చేశాను. ఇంట్లో మష్వరా చేశాం. ఆసుపత్రి పని తమ్ముడు తీసుకున్నాడు. "రిజ్క్ ఎక్కడుంటే అక్కడికి వెళ్ళు బేటా" అన్నారు అబ్బా, నా మొహం చూడకుండా.

ఒక్క ఏడాదికే నియ్యత్ చేశాను. బీవీ పిల్లలు ఇక్కడే. ఢిల్లీలో దిగాక ఒక్క రజాయీ కొంటే చాలు.