నాలుగు వికెట్ల గురువు

సిరాజ్ తెలియనివాళ్లు మనలో ఎవరూ ఉండరు. మరి భరత్ అరుణ్ ఎంతమందికి తెలుసు?

విజయవాడలో పుట్టి, తమిళనాడుకు ఆడిన మీడియం పేసర్. 1986 డిసెంబరులో, 24 ఏళ్ల వయసులో శ్రీలంక మీద మొదటి టెస్టు ఆడాడు. మొత్తం 2 టెస్టులు, 4 వికెట్లు. 4 వన్డేలు, 1 వికెట్. అక్కడితో ఇండియా కెరీర్ అయిపోయింది. ఫోన్‌లో ఈ అంకెలు కనబడితే మనం ఆగను కూడా ఆగం, పైకి జరిపేస్తాం.

ఆయన అసలు పని తర్వాత మొదలైంది. 2012లో అండర్-19 ప్రపంచ కప్ గెలిచిన మన జట్టుకు కోచ్ ఆయనే. 2016-17లో హైదరాబాద్ రంజీ జట్టుకు కోచ్‌గా వచ్చాడు. ఆ జట్టులో ఓ ఆటో డ్రైవర్ కొడుకున్నాడు, అప్పటికి పెద్దగా పేరు లేదు. ఆ సీజన్‌లో 41 వికెట్లు తీశాడు. అతనే సిరాజ్.

2021 జనవరి, బ్రిస్బేన్ టెస్టు గుర్తుందా? బుమ్రా, షమీ, అశ్విన్, జడేజా అందరూ గాయాలతో బయటే. సిరాజ్‌కది మూడో టెస్టే, అయినా ఉన్న బౌలర్లలో అతనే సీనియర్. నాన్న చనిపోయి రెండు నెలలు. ఇంటికి పోకుండా ఉండిపోయిన ఆ పిల్లాడు రెండో ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీశాడు. అప్పుడు టీమిండియా బౌలింగ్ కోచ్ అరుణే.

ఈమధ్య మా ఆఫీసులో నన్ను కోడింగ్ తగ్గించుకుని, కొత్తగా చేరిన ఆరుగురికి పని నేర్పమన్నారు. "నిన్ను సైడ్ చేసిండ్రు రా" అన్నాడు మా దోస్తు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన దగ్గర లెక్క అంతే కదా, ఆడేటోడు హీరో, నేర్పేటోడు ఆడలేక మిగిలినోడు.

కానీ దేవరకొండలో మా పీఈటీ సార్ జిల్లా స్థాయి దాటి ఆడలేదు. బంతి మీద నా బొటనవేలు ఎక్కడుండాలో ఎండలో నిలబడి చూపించింది మాత్రం ఆయనే. మా నల్లగొండ, పాలమూరు ఊళ్లల్లో టెన్నిస్ బాల్‌తో జోరుగా బౌలింగ్ చేసే పోరలు గల్లీకొకడుంటాడు. వాళ్లకు తక్కువైంది భుజబలం కాదు, ఆగి చూసే ఒక మనిషి. అలా చూడడం కూడా ఒక పనితనమే. స్కోర్‌కార్డులో దానికి గడి ఉండదు, అంతే.

ఒప్పుకున్నా. ఆరుగురిలో ఒకమ్మాయిది మహబూబ్‌నగర్. మీటింగుల్లో నోరు విప్పదు, కోడ్ మాత్రం శుభ్రంగా రాస్తది. సోమవారం ముందు ఆ అమ్మాయి పక్కన కూర్చుంటా.