తలుపు బయట విన్న సినిమా

'సంగీత్... సంగీత్ దిగేవాళ్లు రండి!'

కండక్టరమ్మ కేకకు నలుగురం దిగాం. దిగి చూస్తే సంగీత్ లేదు. చౌరస్తా ఉంది, సిగ్నల్ ఉంది, హారన్లు కొట్టే ఆటోలు ఉన్నాయి. ఒకప్పుడు జంటనగరాల కుర్రకారంతా ఇంగ్లిష్ సినిమా కోసం ఎగబడిన ఆ 70 ఎం.ఎం. హాలు మాత్రం కనిపించదు. పేరొక్కటే బస్సుల్లో తిరుగుతోంది.

'మా తాతకు ఇప్పటికీ కోపం అక్కా... హాలు లేనప్పుడు ఆ పేరెందుకు పిలుస్తరు అంటడు' నవ్వుతూ వచ్చాడు నా కోసం అక్కడ ఎదురుచూస్తున్న కుర్రాడు. వయసు 21. మెడలో హెడ్‌ఫోన్స్, సంచిలో చిన్న సౌండ్ రికార్డర్, చేతిలో నల్ల అట్ట నోటుబుక్కు. సినిమా కోర్సు ఆఖరి ఏడాదిలో ఉన్నాడు. పేరు రాయొద్దన్నాడు. 'ముందు సినిమా తీస్తా, అప్పుడు రాయండి' అన్నాడు. న్యాయమే కదా!

అసలు నన్ను సికింద్రాబాద్‌కు రప్పించింది ఆ నోటుబుక్కే. వారానికో సినిమా చూడాలి, ఒక పాటో వాద్య సంగీతమో వినాలి, నీకేమనిపించిందో రాయాలి... ఇదీ క్లాసులో ఇచ్చిన పని. మనవాడు కష్టపడి 23 సినిమాల గురించి రాశాడు. జపాన్, ఇరాన్, ఫ్రాన్స్... ప్రపంచాన్నంతా చుట్టేశాడు. మాస్టారు అన్నీ చదివి, చివరి పేజీలో ఎర్రసిరాతో ఒకే ఒక్క ప్రశ్న రాసిచ్చారట. 'ఇందులో నువ్వెక్కడ?'

'రెండు రోజులు అన్నం పోలే అక్కా' అన్నాడు.

ఆఖరి ఏడాది సినిమా కథ కూడా ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. పది నిమిషాల చిత్రం తీయాలి. దేని మీద తీయాలో తేలడం లేదు. అందుకే ఓ ఆదివారం ఊరంతా తిరుగుదామనుకున్నాడు. నేనూ వస్తానన్నాను.

పేర్లు మిగిలిన ఊరు

సికింద్రాబాద్ పుట్టిందే సైనిక శిబిరంగా. 1798లో నిజాముకూ ఈస్టిండియా కంపెనీకీ మధ్య కుదిరిన సంధి తర్వాత ఇక్కడ కంపెనీ దళాలు దిగాయి. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. దళాల వెనకే పార్సీలు, తమిళులు, గుజరాతీలు, మార్వాడీలు, ఆంగ్లో ఇండియన్లు వచ్చారు. ఇన్ని భాషల జనం ఒక్కచోట చేరితే ఏమవుతుంది? ఒకే బజారులో ఇన్ని భాషల సినిమాలూ ఆడతాయి. ఈ హాల్లో తెలుగు, ఆ హాల్లో హిందీ, సందు తిరిగితే ఇంగ్లిష్. ఇక్కడ పెరిగిన పిల్లలకు సినిమా అంటే ఒక భాష కాదు. ఆ రుచి ఎవరూ నేర్పక్కర్లేదు, ఇంటికెళ్లే దారిలోనే అబ్బుతుంది.

సంగీత్ నుంచి ప్యారడైజ్ చేరుకున్నాం. బిర్యానీ గురించి చెప్పబోవడం లేదు, కంగారుపడకండి. 1953లో ఈ హోటల్ మొదలైంది సినిమా హాలు పక్కన చిన్న కేఫ్‌గా. హాలు పోయింది. కేఫ్ పెరిగి పెద్దదైంది. దాని పేరు చౌరస్తాకూ, తర్వాత మెట్రో స్టేషన్‌కూ అంటుకుంది. రైలు దిగి బిర్యానీకి పరుగెత్తేవాళ్లలో ఆ పేరు ముందు ఒక తెరకు ఉండేదని ఎందరికి తెలుసో! ఊళ్లో ఆనవాళ్లు చెరిగిపోవడం ఇంకా ఆగలేదు. 1874 నాటి రైల్వేస్టేషన్ స్థలంలో కొత్తది కట్టడానికి పాత భవనాన్నీ 2025లో నేలమట్టం చేశారు.

కుర్రాడు రికార్డర్ తీశాడు. ప్యారడైజ్ మెట్రో మెట్ల కింద నిలబడి రెండు నిమిషాలు ట్రాఫిక్ మోత రికార్డు చేశాడు. ఎందుకంటే చెప్పలేదు.

తిరుమలగిరి కుర్రాడు

అక్కడి నుంచి బస్సులో తిరుమలగిరి. పాతవాళ్ల నోట, ఇంగ్లిష్ కాగితాల్లో ఇది ట్రిమల్‌గెరీ. రోడ్డుకు రెండువైపులా సైన్యం గోడలు, పెద్ద చెట్లు. నగరం ఇంత పెరిగినా ఇక్కడ గాలి కాస్త నెమ్మదిగా వీస్తున్నట్టే ఉంటుంది. ఫొటోలు తీయొద్దన్న బోర్డులు చూసి మనవాడు ఫోన్ జేబులో పెట్టేశాడు.

1934 డిసెంబరు 14న శ్యామ్ బెనెగల్ పుట్టింది ఇక్కడే. ఇంట్లో కొంకణి, వీధిలో దక్కనీ, తెలుగు. తండ్రి శ్రీధర్ బెనెగల్ ఫొటోగ్రాఫర్. దగ్గర్లోనే కంటోన్మెంట్ వాళ్ల గారిసన్ సినిమా. సైనికుల కోసం నడిచే ఆ హాల్లో ఆపరేటర్‌తో స్నేహం చేసుకుని, ప్రొజెక్షన్ గదిలోంచి సినిమాలు చూసేవాణ్నని ఆయన చాలాసార్లు చెప్పుకున్నారు. పన్నెండేళ్ల వయసులో తండ్రి కెమెరాతో తొలి సినిమా తీసేశారు. సెలవుల్లో పిల్లల అల్లరే కథ.

'నాకు పన్నెండేళ్లప్పుడు ఫోన్ల గేమ్స్ ఆడిన' అన్నాడు మనవాడు.

బెనెగల్ చదివిన మహబూబ్ కాలేజీ ఇప్పటికీ ఉంది. 1893లో స్వామి వివేకానంద అమెరికా వెళ్లేముందు ప్రసంగించిన చోటు కూడా అదే. కాలేజీ రోజుల్లో బెనెగల్ ఈతగాడు. పోటీలకు కలకత్తా వెళ్లి అక్కడ సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి' చూశారు. ఒకసారి చూసి ఊరుకోలేదు, మళ్లీ మళ్లీ చూశారు. ఈత పోటీలో ఏమైందో గానీ మనకు దర్శకుడు దొరికాడు! తిరిగొచ్చి ఉస్మానియాలో చదువుకుంటూ హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీ పెట్టారు. ఆ రాయ్ మీదే 1980ల్లో డాక్యుమెంటరీ తీశారు. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పారు, రెండుసార్లు దానికి అధ్యక్షుడిగానూ ఉన్నారు. 2024 డిసెంబరు 23న ముంబైలో కన్నుమూశారు.

ఇదంతా కుర్రాడికీ తెలుసు. నోటుబుక్కులో 'అంకుర్' మీద నాలుగు పేజీలున్నాయి. రోడ్డు పక్క అరుగు మీద కూర్చుని చదివి వినిపించాడు. 'భూస్వామ్య వ్యవస్థ', 'వర్గ సంఘర్షణ', 'ప్రతీకాత్మక ముగింపు'... ఒక్క ముక్క తప్పు లేదు. ఒక్క ముక్క అతనిది కాదు. ఇలాంటివి నేనూ రాసిన రోజులున్నాయి కాబట్టి ఇట్టే గుర్తుపట్టగలను.

'ఇవన్నీ పక్కన పెట్టు. చూస్తున్నప్పుడు ఏమైంది నీకు?' అడిగాను.

చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత మొదలుపెట్టాడు.

'అంకుర్' 1974లో వచ్చింది. హైదరాబాద్ పరిసరాల్లో జరిగిన ఒక సంఘటనను బెనెగల్ విద్యార్థిగా ఉన్నప్పుడే కథగా రాసుకున్నారు. డబ్బు పెట్టేవాళ్లు దొరకడానికి పదేళ్లకు పైగా పట్టింది. చివరికి ప్రకటనల చిత్రాల సంస్థ బ్లేజ్ ముందుకొచ్చింది. హైదరాబాద్ దగ్గరి పల్లెలో తీశారు. పాత్రలు మాట్లాడేది దక్కనీ. షబానా ఆజ్మీకి అది తొలి చిత్రం, ఉత్తమ నటిగా జాతీయ అవార్డు వచ్చింది. ఆమె భర్త, వినిపించని, మాట్లాడలేని కుమ్మరి కిష్టయ్యగా వేసిన సాధు మెహర్‌కు ఉత్తమ నటుడి అవార్డు.

'కిష్టయ్యను కొడ్తుంటే ఆయనకు ఎందుకు కొడ్తున్నరో వినపడది కదక్కా. నాకు మా తాత గుర్తొచ్చిండు. తాతకు ఇప్పుడు ఒక చెవు మొత్తం పోయింది. రెండోది సగం. మా ఇంట్ల అందరం ఆయన మీద అరుస్తం... వినపడ్తలేదని. నేను గూడ అరుస్త. సినిమా ఆపేసిన. మిగతాది తెల్లారి చూసిన.'

'మరి ఇది రాయలేదేం?'

'ఇది స్పందన అంటరా అక్కా?'

పద్మారావునగర్‌లో దాచిన పేజీ

తిరుగు ప్రయాణంలో పద్మారావునగర్‌లో దిగాం. సెయింట్ పాట్రిక్స్‌లో చదివి, ఇంజినీరింగ్ చేసి, అమెరికాలోని హోవర్డ్ యూనివర్సిటీలో సినిమా చదువుకుని తిరిగొచ్చిన శేఖర్ కమ్ముల పెరిగిన పేట ఇది. 'డాలర్ డ్రీమ్స్'తో తొలి చిత్ర దర్శకుడిగా జాతీయ అవార్డు అందుకున్నారు. 2004లో 'ఆనంద్' వచ్చింది. పెళ్లిపీటల దాకా వెళ్లిన సంబంధాన్ని వద్దనుకుని తన ఇంటికి తాను వచ్చేసిన రూప కథ. ఆ సినిమాలో కనిపించే ఇళ్లు, గేట్లు, మొక్కలు, మేడ మీద ఆరేసిన బట్టలు... ఈ వీధుల్లో నడుస్తుంటే ఎక్కడో చూసినట్టే ఉంటాయి. కొన్ని డాబా ఇళ్లు అపార్ట్‌మెంట్లయ్యాయి, కొన్ని ఇంకా అలాగే ఉన్నాయి. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. అమ్మతో కలిసి చూసి, ఇంటికొచ్చాక ఇద్దరం కాఫీ పెట్టుకుని తాగాం. అంతవరకు నాకు కాఫీ నిషేధం!

ఈ మాట చెప్పగానే కుర్రాడు నోటుబుక్కు తిరగేసి చివరి నుంచి తెరిచాడు. అక్కడ ఓ పేజీ ఉంది. తేదీ లేదు, సినిమా పేరు లేదు. మాస్టారికి చూపించని పేజీ.

'నేను పుట్టిన సంవత్సరం సినిమా అక్కా ఇది. మా అమ్మ నన్ను పండబెట్టేటప్పుడు ఆ పాటలే పాడేదంట. అవి సినిమా పాటలని చాన రోజులు నాకు తెల్వదు. మా అమ్మ పాటలనుకున్న. స్కూల్ల ఎవరో పాడితే కొట్లాడిన... మా అమ్మ పాట నీకెట్ల వచ్చిందని.'

కె.ఎం. రాధాకృష్ణన్ చేసిన ఆ బాణీల్లో కర్ణాటక సంగీతం పలుకుబడి ఉంటుందని, వీణ, వేణువు ఎక్కడెక్కడ వినిపిస్తాయో తర్వాత క్లాసులో నేర్చుకున్నాడు. చక్కగా చెప్పగలడు కూడా. కానీ ప్రపంచ సినిమాల మధ్య 'ఆనంద్' పేరు రాస్తే నవ్వుతారేమోనని చివరి పేజీకి పంపేశాడు. నవ్వేవాళ్లు నవ్వనీ! ఆ 23 సమీక్షల కన్నా ఈ ఒక్క పేజీ బాగుంది. అదే మాట అన్నాను. నమ్మినట్టు కనిపించలేదు.

తలుపు దగ్గర

చిలకలగూడలో రెండు గదుల ఇల్లు. తాత మంచం మీద కూర్చుని ఉన్నారు. ఇప్పుడు లేని ఒక హాల్లో ముప్ఫై ఏళ్లకు పైగా గేట్‌కీపర్‌గా చేశారు. టికెట్ చింపడం, టార్చి వేసి సీటు చూపించడం, ఆట అయ్యాక తలుపులు తీయడం... ఇదీ ఉద్యోగం. ఆ హాల్లో ఆడిన సినిమాల్లో ఆయన మొదటి నుంచి చివరి దాకా కూర్చుని చూసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కానీ అన్నీ విన్నారు. తలుపుకు ఇవతల స్టూలు మీద కూర్చుని, రోజుకు నాలుగు ఆటలు.

'ఏ పాటకు జనం సిగరెట్లకు బయటికొస్తరో తెలుసు. ఏ పాటకు ఒక్కడు గూడ లేవడో తెలుసు. బొమ్మ ఎట్లుందో మేనేజర్‌కు నేనే చెప్పేటోణ్ని, చూడకుండనే' అన్నారు. నేను గట్టిగా అడగాలి, ఆయన నెమ్మదిగా చెప్పాలి. అలా సాగింది మాట.

మనవడు తన హెడ్‌ఫోన్స్ తీసి తాత చెవులకు పెట్టాడు. శబ్దం పూర్తిగా పెంచాడు. 'శంకరాభరణం' చివరి పాట. 1980లో విడుదలైన ఆ సినిమాలో శంకరశాస్త్రి కచేరీ మధ్యలోనే కూలిపోతారు, శిష్యుడు పాట అందుకుంటాడు, గురువు కన్నుమూస్తారు, తులసి ఆయన పాదాల దగ్గరే ప్రాణం వదులుతుంది. కె.వి. మహదేవన్ సంగీతం. ఈ సినిమా చూడని తెలుగువాళ్లు ఉంటారా?

తాత కళ్లు మూసుకోలేదు. పాట విన్నంతసేపూ ఇంటి తలుపు వైపే చూస్తున్నారు. పాట ముగింపుకొస్తుండగా కుడిచెయ్యి కొంచెం లేచింది, గొళ్లెం పట్టుకోబోతున్నట్టు. పాట అయిపోయింది. చెయ్యి అలాగే ఆగిపోయింది.

'ఏమైంది తాతా?' మనవడు చెవి దగ్గరకొచ్చి అడిగాడు. అరవలేదు.

'దీనికి ఎంబడే తలుపు తీయొద్దురా. తీస్తే బయటి ఎండ లోపల పడ్తది. లోపల మొగోళ్లంత ఏడుస్తుంటరు. ఎల్తురు పడితే సిగ్గుపడ్తరు. కండ్లు తుడుచుకునేదాంక ఆగాలె. ఎనకున్న ఆటోళ్లు లొల్లి చేసినా సరే... నేను ఆగేటోణ్ని.'

మనవడు నోటుబుక్కు తెరిచాడు. నాకు టీ ఇచ్చిన అమ్మ, తలుపు దగ్గరే నిలబడి అతన్ని చూస్తోంది. రికార్డర్ మంచం మీదే ఉంది. ఎర్ర లైటు వెలుగుతోంది. ఎప్పుడు ఆన్ చేశాడో నేను గమనించలేదు. ప్యారడైజ్ దగ్గర ట్రాఫిక్ మోత ఎందుకు పట్టుకున్నాడో మాత్రం అప్పుడు అర్థమైంది. తలుపు తీశాక వినపడాల్సిన చప్పుడది.

వెళ్లేముందు ఆగలేక అడిగాను. 'ఆ చివరి సీను మీరెప్పుడైనా చూశారా?'

'టీవీల వచ్చినప్పుడు చూసినమ్మా' అన్నారు తాత. 'గానీ ఇంట్ల అన్ని లైట్లు ఏసి ఉండె.'