సెలవు చీటి నేర్పిన పాఠము

మా పాఠశాల హోసూరు ప్రాంతమున నున్నది. ఇచ్చట ఇంటిలో తెలుగు, కచేరీలో తమిళము, సంతలో ఈ రెండింటితోపాటు కన్నడము వినవచ్చును. మేము తిరుపతిలో ఉపాధ్యాయ శిక్షణము ముగించుకొని ఈ యూరికి వచ్చిననాడు మా మూటలో తెలుగు వ్యాకరణము తప్ప వేఱొండు లేదు. తమిళములో వచ్చిన సర్క్యులరును చదువలేక, చదివినట్లు తలయూపి, పిదప గుమాస్తాగారి యొద్దకు చాటుగా పోయి అర్థము తెలిసికొనెడివారము. “తెలియలేదు” అను చిన్నమాట పలుకుటకు మాకే అంత సంకోచము! ఆ బాధ యెఱిగియు, మా బాలికలకు దానిని దాటు త్రోవ చాలకాలము చూపలేకపోతిమి.

కొన్నియేండ్ల క్రిందట మాయొద్ద పదవ తరగతి ముగించిన యొక బాలిక ఇంటి వద్ద కొంతకాలముండి, పదునెనిమిదేండ్లు నిండిన పిమ్మట బట్టలు కుట్టు కర్మాగారమున పనికి కుదిరినది. చేతిపని చక్కనిది; నడవడి మంచిది. నెల తిరుగకముందే ఆ పని పోయినది. కారణ మడుగగా, జ్వరము వచ్చి మూడు దినములు పోలేదనియు, ఎవరికిని తెలుపలేదనియు చెప్పినది. “ఒక చీటి వ్రాసి పంపరాదా తల్లీ?” యని మే మడిగితిమి. ఆ పిల్ల తలవంచుకొని, “అది పరీక్షకు కదా అయ్యవారూ!” అన్నది.

ఆ మాట మా గుండెలో నాటుకొన్నది. సెలవు కొఱకు విన్నపము వ్రాయుమన్న ప్రశ్నకు ఆమెకు నిండు మార్కు లిచ్చినది మేమే. తేది ఎచ్చట వేయవలెనో, సంబోధన యెట్లుండవలెనో నేర్పితిమి. కాని ఉత్తరమనునది ఒకరికి పంపవలసిన వస్తువని నేర్పమైతిమి. తప్పు పిల్లది కాదు, మా పాఠముది.

కొందఱు తల్లిదండ్రులు, “తెలుగులో చదివించినందుననే మా బిడ్డలు వెనుకబడుచున్నారు” అందురు. మేమును కొంతకాల మట్లే భయపడితిమి. కాని 2006లో వచ్చిన చట్టము పిమ్మట మా పిల్లలు తమిళమును గూడ పాఠముగా చదువుచున్నారు; ఇంగ్లీషు సరేసరి. కనుక లోపము అక్షరములలో లేదు. వేళకు పోవుట, రాలేనినాడు ముందుగా తెలుపుట, లెక్క సరిచూచుకొనుట, అర్థము కానిదానిని అడుగుట, అన్యాయమును కాదనుట — ఇవి ఏ భాషలోనైనను నేర్వవలసినవే. వీనిని నల్లబల్లపై వ్రాసి నేర్పుట సాధ్యము కాదు; పనిచోటనే నేర్వవలెను.

అందుచే నొక వేసవి సెలవులలో, తొమ్మిదవ తరగతి ముగించి పదునాలుగేండ్లు నిండిన ఆర్గురు బాలికలను పది దినములపాటు ఊరిలోని పనిచోట్లకు పంప నిశ్చయించితిమి. ఒక కుట్టు అంగడి, ఒక మందుల అంగడి, ఒక గులాబితోట — ఒక్కొక్కచోటికి ఇద్దఱు చొప్పున. యజమానులతో మేము చేసికొనిన కట్టుబాట్లు ఇవి: ఉదయము పది మొదలు ఒంటిగంట వఱకే, అచ్చట స్త్రీ యొకతె పనిచేయుచుండవలెను, మందులు పుచ్చిన తోటలోనికి, ప్రమాదమైన యంత్రముల యొద్దకు పంపరాదు, దినమున కొక క్రొత్త సంగతియైన నేర్పవలెను.

ఒక తల్లి మా యింటికి వచ్చి, “అయ్యవారూ, ఆడబిడ్డను అంగడిలో నిలబెడితే రేపు సంబంధాలు వచ్చేవాళ్ళు ఏమనుకుంటారు?” అని అడిగినది. మేము వాదింపలేదు. “అమ్మా, మీరును ఒకపూట వచ్చి కూర్చుండి చూడుడు” అంటిమి. ఆమె వచ్చినది. మూడవదినమున ఆమెయే మాకు కన్ను తెఱపించినది. ఆ అంగడిలో మన పిల్లలచేత ఊడ్పించుట, టీ తెప్పించుటయే కాని పని నేర్పుట లేదని చెప్పినది. మేము పోయి విచారించి, ఆ యిద్దఱిని మాన్పించి, తక్కిన దినములు గులాబితోటకు మార్చితిమి. పని నేర్పుదు మనుచు ఊరక చాకిరి చేయించుకొనుట శిక్షణము కాదు. నిజమైన అప్రెంటిసులకు 1961 నాటి చట్టము ప్రకారము భత్యము ఈయవలెను. పదిమందికి తక్కువకాని పనిచోట స్త్రీల ఫిర్యాదులు వినుటకు సంఘ ముండవలెనని 2013 నాటి చట్టము చెప్పుచున్నది. శిక్షణము పొందువారికిని ఆ రక్షణ కలదు. ఈ రెండు సంగతులును ఇప్పుడు మా తరగతిలో పాఠములైనవి.

గులాబితోటలో పిల్లలు మొగ్గ విడకముందే కోయుట, కోసినవెంటనే కాడలను నీట నుంచుట, పొడవును బట్టి వేఱుచేయుట, ఇరువది కాడల కొక కట్ట కట్టుట చూచిరి. ఒకనాడు వారిలో ఒకతె కట్టలను లెక్కించుచు, ఒకదానిలో పందొమ్మిదే యుండుట గమనించినది. కట్టినది పెద్దామె, తాను చిన్నది, తమిళము తడబడును. అయినను మెల్లగా, “అక్కా, ఒకటి తగ్గింది” అని వచ్చిన తమిళములో చెప్పినదట. పెద్దామె నవ్వి మఱియొక కాడ చేర్చినది. ఆ దినము ఆ పిల్ల దినచర్యలో వ్రాసినది ఒకేవాక్యము: “చెప్పితే ఎవరూ కొట్టలేదు.”

దినచర్య తెలుగులోనే వ్రాయవలెనని మా నియమము. ప్రక్కన పనిచోట విన్న మాటలను మూడు భాషలలో వ్రాసికొనవలెను. అందు రసీదు, బాకీ, వసూలు మొదలగునవి తెలుగునను తమిళమునను కన్నడమునను ఇంచుమించుగా నొక్కటేయని పిల్లలు తామే కనుగొని ఆశ్చర్యపడిరి. అంగడి మాటలకు ఎల్లలు లేవు.

ఈ సందర్భమున దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి బాల్యము స్మరింపదగినది. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభ జరిగినపుడు, పదునాలుగేండ్ల బాలికయైన ఆమె ప్రదర్శనశాల ద్వారమున స్వచ్ఛందసేవిక. టిక్కెట్టు లేదని జవాహర్‌లాల్ నెహ్రూగారినే ఆమె ఆపినది. టిక్కెట్టు తెచ్చిన పిమ్మటనే లోనికి విడిచినది. కొలదిదినముల సేవయైనను, అప్పగించిన పని పనియే. ఆ బాలికయే పెరిగి 1937లో, మన తమిళదేశమందలి మద్రాసులోనే, ఆంధ్ర మహిళాసభను నెలకొల్పి ఎందఱో స్త్రీలకు చదువును పనియు నేర్పు దారి చూపినది.

పని పోగొట్టుకొనిన ఆ పూర్వవిద్యార్థిని ఇప్పుడు వేఱొకచోట కుట్టుపని చేయుచున్నది. పోయినయేడు మా తరగతికి వచ్చి పిల్లలతో మాటలాడుమని కోరితిమి. రావలసిననాడు రాలేదు. కాని ఉదయమే ఆమె తమ్మునిచేత నొక చీటి పంపినది. తేది, సంబోధన, కారణము, మఱల వచ్చు దినము — అన్నియు నందున్నవి. ఆ చీటిని తరగతిలో చదివి వినిపించితిమి. చెప్పిన దినమున ఆమె వచ్చినది.

తల్లిదండ్రులారా! వచ్చు వేసవిలో మీ బిడ్డలను ఆ పది దినములు మాకు అప్పగింపుడు. వీలైన మీరును ఒకపూట వచ్చి చూడుడు. బాలికలారా! ఇకమీదట సెలవు కావలసిననాడు ఇతరులచేత నోటిమాట పంపక, మీ చేతితోనే చీటి వ్రాసి పంపుడు. దానికి మేము మార్కులు వేయము. జవాబు వ్రాసి పంపుదుము.