నీళ్ల వెంట వచ్చిన బూజు

గద్వాల నుంచి పడమటికి, రాయచూరు సరిహద్దు వైపు సాగితే గట్టు మండలం. కృష్ణా తుంగభద్రల మధ్య పడ్డ ఈ నేలను నడిగడ్డ అంటారు. రెండు నదుల నడుమ ఉన్నా తెలంగాణలో వాన బాగా తక్కువ పడే చోట్లలో ఇదొకటి. ఎర్ర చెలకలు, రాళ్ల గుట్టలు, వాటి నడుమ కంది, ఆముదం, వేరుశనగ. వలస పోయినవాళ్ల ఇళ్లకు తాళాలు. బయటివాళ్లకు గట్టు అంటే చాలాకాలం ఇంతే.

తర్వాత నీళ్లు వచ్చాయి, అదీ అందరికీ ఒక్కసారి కాదు. జూరాల ప్రాజెక్టు, నెట్టెంపాడు ఎత్తిపోతలు, ర్యాలంపాడు జలాశయం ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. గట్టు ఎత్తిపోతలకు 2018లో శంకుస్థాపన జరిగింది. కాలువ రాని చోట బోరు, బోరుకు డ్రిప్పు. అలా చెలకల్లో మామిడి, బత్తాయి మొక్కలు లేచాయి. ఎండలు మండే నేలలో బూజు తెగుళ్లేం వస్తాయిలే అన్న ధీమా కూడా వాటితోపాటే పెరిగింది. ఆ ధీమా సగమే నిజం. ఊరికి వాన లేకపోవచ్చు, చెట్టు మొదట్లో మాత్రం తడి ఉంటుంది. ఆకుల గుబురులోనూ ఉంటుంది. శిలీంధ్రానికి ఆ జానెడు చోటు చాలు.

బత్తాయి బంక తెగులు పుట్టేది ఈ తడిలోనే. డ్రిప్పు లేనిచోట పాదులోకి వదిలిన నీళ్లు మొదలు చుట్టూ నిలుస్తాయి. నేలలోని ఫైటాఫ్తరా ఆ నీటిలో ఈది వేరునూ బెరడునూ పట్టుకుంటుంది. బెరడు పగిలి బంక కారుతుంది, ఆకు పసుపెక్కుతుంది, చెట్టు ఒక పక్కనుంచి ఎండుతుంది. శాస్త్రం లెక్కలో ఫైటాఫ్తరా అసలు శిలీంధ్రం కాదు, దానిలా కనబడే వేరే జీవి. తోటలో ఆ తేడా ఎవరికీ పట్టదు. మందుకు మాత్రం పడుతుంది: బూడిద తెగులుకు కొట్టే చాలా మందులు దీన్ని తాకనైనా తాకవు.

దీనికి నివారణ మొక్క నాటే రోజునే మొదలవ్వాలి. అంటు కట్టిన చోటు నేలకు జానెడు ఎత్తున ఉండాలి. రంగపూర్ నిమ్మ వేరుమూలం మీద కట్టిన అంటు జంబేరి మీద కట్టినదానికన్నా వేరుకుళ్లును బాగా తట్టుకుంటుంది. మొదలు చుట్టూ ఒక పొడి వలయం వదిలి, దాని బయట రెండో వలయంలో నీళ్లివ్వాలి. ఇవన్నీ దాటి తెగులు వచ్చేస్తే బెరడు గీకి బోర్డో పేస్టు పూయాలి.

ఈ బోర్డోకు ఒక కథ ఉంది. 1880లలో ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో దారి పక్క ద్రాక్షను బాటసారులు కోసుకుపోకుండా రైతులు ఆకుల మీద మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. అప్పట్లో బూజు తెగులు తోటలను ఊడ్చేస్తున్నా ఆ వరసల ఆకులు మాత్రం పచ్చగా మిగలడం మిలార్దే అనే వృక్షశాస్త్రజ్ఞుడు గమనించాడు, 1885లో సంగతి ప్రకటించాడు. దొంగలకు వేసిన మందు తెగులుకు తగిలిందన్నమాట. నూటికి ఒక పాలు మిశ్రమానికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు. పేస్టుకైతే నీళ్లు పది లీటర్లే. ఇనుప పాత్రలో కలపకూడదు. కలిపాక శుభ్రమైన ఇనుప కత్తి ముంచి చూడాలి. కత్తికి ఎర్రటి రాగి పూత అంటితే సున్నం చాల్లేదని, ఇంకాస్త వేయాలని అర్థం. వేరుకుళ్లుకు ట్రైకోడెర్మాను పశువుల ఎరువులో, వేపపిండిలో పెంచి పాదుకు వేసేవాళ్లు ఆ పక్కనే రాగి మందు పోయకూడదు. మేలు చేసే బూజును కూడా రాగి చంపేస్తుంది.

తూర్పుకు, వనపర్తి దాటి కృష్ణ వెంట పోతే కొల్లాపూర్. సురభి వారి సంస్థానం ఏలిన ఊరు, నల్లమల అంచు, శ్రీశైలం వెనుక జలాలు, బేనిషాన్ మామిడి తోటలు. ఇక్కడ రైతు కునుకు పోయేది పూత కాలంలో. పగలు పొడి ఎండ, రాత్రి చలి, తెల్లవారి మబ్బో మంచో పట్టిందంటే పూత కాడల మీద తెల్లటి బూడిద రాలుతుంది. ఈ బూడిద తెగులుకు వాన అక్కర్లేదు, కాబట్టి ఎండు నేలన్నా దీనికి భయం లేదు. పువ్వు విప్పుకోక ముందే లీటరుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కొట్టాలి. పిందె పడే వేళకు తెగులు కనబడితే హెక్సాకొనజోల్ లీటరుకు 2 మిల్లీలీటర్లు. పూత నిండా విచ్చినప్పుడు కొడితే ఈగలూ తేనెటీగలూ పోతాయి, వాటితో కాపూ పోతుంది. ఎండ ముదిరాక గంధకం కొడితే ఆకే మాడుతుంది.

నల్ల మసి సంగతి వేరు. తేనెమంచు పురుగు వదిలిన జిగురు మీద అది పెరుగుతుంది, ఆకులోకి దిగదు. పురుగును వదిలేసి మసికి మందు కొట్టడం డబ్బు దండగ. పల్చటి గంజి చల్లితే ఎండి పొరలుగా ఊడి మసినీ తీసుకుపోతుంది.

అన్నింటికన్నా మోసకారి మచ్చ తెగులు, అధికారుల మాటలో ఆంత్రాక్నోస్. ఎండు కొమ్మల్లో దాక్కుని, మార్చి, ఏప్రిల్ గాలివానకు పచ్చికాయలోకి దిగి అక్కడే నిద్రపోతుంది. కాయ నిగనిగలాడుతుంది. బండిలో హైదరాబాద్ చేరి, మాగాక నల్లమచ్చలు తేలతాయి. కాయను 52 డిగ్రీల నీళ్లలో పది నిమిషాలు ముంచితే చాలావరకు ఆగుతుంది. జులైలో ఎండు పుల్లలు కత్తిరించి కాల్చేస్తే మొదట్లోనే తగ్గుతుంది.

ఈ రెండు పనులూ ఎవరు చేయాలన్న దగ్గరే అసలు చిక్కు. ఇక్కడ చాలా తోటలు పూత మీదే గుత్తకు పోతాయి. కాయ దింపాక గుత్తదారుకు చెట్టుతో పని లేదు, కాబట్టి కొమ్మ కత్తిరించడు. కాయ అమ్మేసిన రైతు వేడినీళ్ల ఖర్చు పెట్టుకోడు. వనపర్తి జిల్లా మోజెర్లలో ఉద్యాన కళాశాల ఉంది, నాగర్‌కర్నూల్ వైపు పాలెంలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. ఏ మందు ఎంత అన్నది చెప్పేవాళ్లకు కరువు లేదు. నన్నడిగితే జులై కత్తిరింపు, మొదటి గంధకం రైతు పేర, మందుల్లో మిగతావీ వేడినీళ్లూ గుత్తదారు పేర గుత్త కాగితంలోనే రాసుకోవాలి. రైతు పెట్టిన కత్తిరింపు కూలి గుత్త ధరలో కలవాలి.