ఏ మందు, ఏ వేళ, ఎన్నాళ్ళు?

వదినగారూ, ఆ స్ట్రిప్ ఒకసారి గోడ మీద పెట్టండి, చూస్తాను. అనుకున్నదే, బైసకోడిల్, 5 మిల్లీగ్రాములు. మీ అబ్బాయి దీన్ని రోజూ వేసుకుంటున్నాడా? నెల నుంచీనా? అయితే ఆ బకెట్ అక్కడ దించండి, బట్టలు కాసేపాగి ఆరేసుకోవచ్చు. ఇది తీరుబడిగా మాట్లాడుకోవాల్సిన సంగతి.

ఆస్పత్రి ఫార్మసీ కిటికీ వెనక చాన్నాళ్ళు పనిచేశాను కదా, "మోషన్ రావట్లేదమ్మా, ఏదైనా ఇవ్వండి" అని ఎవరో ఒకరు అడగని రోజు లేదు. జ్వరమొస్తే నలుగురికీ చెప్పుకుంటాం గానీ, దీనికి గొంతు తగ్గించి అడగడం, కవర్లో వేయించుకుని గబగబా వెళ్ళిపోవడం. ఇది ఏ మందు, ఏ వేళ వేసుకోవాలి, ఎన్నాళ్ళు వాడాలి అని అడిగేవాళ్ళు బహు తక్కువ. నా బాధంతా అదే. ఆ మూడు ముక్కలు అడిగి తెలుసుకుంటే ఈ మందులు మంచివే. అడక్కపోతేనే చిక్కు.

విరేచనం మందంటే ఒక్కటే కాదండీ. ఇసబ్‌గోల్ లాంటి పొట్టు నీళ్ళు పీల్చుకుని ఉబ్బి మలాన్ని మెత్తగా, నిండుగా చేస్తుంది. లాక్టులోజ్ సిరప్, పాలిఎథిలీన్ గ్లైకాల్ పొడి, మిల్క్ ఆఫ్ మెగ్నీషియా పేగులో నీటిని నిలుపుతాయి. మీ వాడు వేసుకుంటున్న బైసకోడిల్, ఇంకా సోడియం పికోసల్ఫేట్, మన సునాముఖి ఆకు, ఇవి పేగు కండరాన్ని కదిలించి బయటికి తోస్తాయి. లిక్విడ్ పారఫిన్ జారుడునిస్తుంది. ఒకటి పనిచెయ్యలేదని ఇంకోటి, దాని మీద మరోటి వేసుకునేముందు ఏది ఏ పని చేస్తుందో తెలియాలి. క్రెమాఫిన్ సీసానే తీసుకోండి. అందులో లిక్విడ్ పారఫిన్, మిల్క్ ఆఫ్ మెగ్నీషియా ఉంటాయి. క్రెమాఫిన్ ప్లస్ అంటే వాటికి సోడియం పికోసల్ఫేట్ కూడా కలుస్తుంది. పేరు చివర ఒక్క మాట చేరితే మందు ఘాటే మారిపోతుంది. అందుకే పెద్దక్షరాల పేరు కాదు, కింద చిన్నక్షరాల్లో ఉన్నది చదవాలి.

ఇప్పుడు మీ వాడి సంగతి. రాత్రి 10 గంటలకు వేసుకుంటున్నాడన్నారు. స్ట్రిప్ మీద ఉన్నట్టు "పడుకునేముందు" అని మెడికల్ షాపతను చెప్పే ఉంటాడు. ఆ మాట రాత్రి నిద్రపోయేవాళ్ళకు! ఈ టాబ్లెట్ పనిచెయ్యడానికి 6 నుంచి 12 గంటలు పడుతుంది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో అమెరికా షిఫ్ట్ చేసేవాడు రాత్రి 10కి వేసుకుంటే, తెల్లవారుజామున కాల్ మధ్యలోనో, క్యాబ్‌లో నానక్‌రామ్‌గూడ దాటుతుండగానో కడుపులో మెలిపెడుతుంది. బిగబట్టుకుని ఇంటికొచ్చేసరికి ఆ వేగం పోతుంది, మందు పనిచెయ్యలేదనుకుని మర్నాడు రెండు వేసుకుంటాడు. వాడి రాత్రి పొద్దున 7 గంటలకు మొదలవుతుంది కాబట్టి వాడు గడియారం చూసి కాదు, తన నిద్ర చూసుకుని వేసుకోవాలి.

ఇంకొకటి. పాలతో మింగుతున్నాడా? అయ్యో, అక్కడే కడుపునొప్పి వస్తోంది మరి. ఆ టాబ్లెట్‌కి పైన ఒక పూత ఉంటుంది. పొట్ట దాటి పేగులోకి వెళ్ళాకే కరగాలని ఆ పూత వేస్తారు. పాలు గానీ, ఎసిడిటీకి తాగే జెలూసిల్ లాంటివి గానీ పడితే అది పొట్టలోనే కరిగిపోయి నొప్పి, వికారం పుడతాయి. కాబట్టి పాలకూ దానికీ కనీసం గంట ఎడం ఉండాలి. మంచినీళ్ళతో మింగాలి, నమలకూడదు, విరక్కూడదు, పొడి చెయ్యకూడదు.

రోజూ ఎందుకు వేసుకుంటున్నాడో చెప్పనా? టాబ్లెట్ పడిన మర్నాడు పేగు మొత్తం ఖాళీ అవుతుంది. ఖాళీ అయిన పేగు మళ్ళీ నిండటానికి ఒకటి రెండు రోజులు పట్టడం సహజం. ఆ రెండు రోజులూ రాకపోతే "మళ్ళీ పట్టేసింది" అని ఇంకో టాబ్లెట్. ఇలాగే నెల గడుస్తుంది. అసలు రోజూ కావాలన్న నియమమే లేదండీ. రోజుకు 3 సార్లు వెళ్ళేవాళ్ళూ ఉన్నారు, వారానికి 3 సార్లు వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. ముక్కకుండా, నొప్పి లేకుండా సాఫీగా వస్తే రెండూ ఆరోగ్యమే. వారానికి మూడుసార్లు కూడా కాక, గట్టిగా ఉండలు కట్టి, ఇంకా లోపల మిగిలిపోయినట్టుంటే అది మలబద్ధకం.

ఈ రకం టాబ్లెట్లు సొంతంగా వాడితే నాలుగైదు రోజులు, మహా అయితే వారం. ఆపైన డాక్టరు చెబితేనే. ఎక్కువగా వాడితే నీళ్ళతో పాటు ఒంట్లోంచి పొటాషియం పోతుంది. నీరసం, పిక్కలు పట్టెయ్యడం, గుండె దడ వస్తాయి. బీపీకి నీళ్ళ టాబ్లెట్, అంటే మూత్రం ఎక్కువగా పోయించేది, వాడేవాళ్ళకు అది మరీ ప్రమాదం.

ఇసబ్‌గోలా? మంచి ప్రశ్న అడిగారు. ఎక్కువమందికి మొదట పట్టుకోవాల్సింది అదే. గుజరాత్‌లో ఊంఝా మార్కెట్ నుంచి ప్రపంచమంతటికీ వెళ్ళే పొట్టు. కానీ దాన్ని వేసుకునే తీరుంది. రాత్రి మీరొకసారి గ్లాసులో చెంచాడు వేసి పక్కన పెట్టి చూడండి. కొద్ది నిమిషాలకే జావలా చిక్కబడి, గ్లాసు వంచినా జారదు. అలా గొంతులో జరిగితే? అందుకే నిండు గ్లాసు నీళ్ళలో, అంటే పావు లీటరులో కలిపి వెంటనే తాగెయ్యాలి. పైన ఇంకో గ్లాసు తాగితే మరీ మంచిది. పొడిగా నోట్లో వేసుకోకూడదు. వేసుకున్న వెంటనే పడుకోకూడదు. మింగడం కష్టంగా ఉన్నవాళ్ళకు అసలు ఇవ్వకూడదు. ఒక్క రాత్రిలో పనిచెయ్యదు, రెండు మూడు రోజులు ఓపిక పట్టాలి. మీరు పొద్దున్నే వేసుకునే థైరాయిడ్ మాత్ర లాంటివాటిని అది ఒంటికి పట్టనివ్వదు కాబట్టి వాటికీ దీనికీ కొన్ని గంటల ఎడం ఉండాలి.

మా పాలమూరు వైపు ఆముదం చేలు ఎక్కువ. మా అమ్మ వేసవి సెలవుల్లో పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టి ఆముదం పట్టించేది. ఇక్కడికి దగ్గర్లో రాజేంద్రనగర్‌లో ఉన్న నూనెగింజల పరిశోధన సంస్థ వాళ్ళు ఇప్పటికీ ఆముదం రకాల మీద పనిచేస్తున్నారు. పంటగా అది బంగారమే. కానీ కడుపులో పడితే పేగును గట్టిగా తిప్పేస్తుంది. గర్భిణులకు పట్టిస్తే నొప్పులు మొదలవ్వచ్చు. గింజలైతే నమలనే కూడదు, వాటిలో రిసిన్ అనే విషం ఉంటుంది. పసిపిల్లలకు తమలపాకు తొడిమ ఆముదంలో ముంచి పెట్టడం, సబ్బుముక్క పెట్టడం మన ఇళ్ళల్లో ఇంకా ఉన్నాయి. వద్దండీ. లోపలి పొర చాలా సున్నితం, గాయమవుతుంది. తల్లిపాలు తాగే బిడ్డ నెల దాటాక కొన్ని రోజులు వెళ్ళకపోయినా, హుషారుగా పాలు తాగుతూ, వెళ్ళినప్పుడు మెత్తగా వెళ్తుంటే కంగారు లేదు. పుట్టిన మొదటి వారాల్లో అయినా, పొట్ట ఉబ్బినా, వాంతులైనా వెంటనే పిల్లల డాక్టరు దగ్గరికి.

మీ కోడలు తాగుతున్న "స్లిమ్మింగ్ టీ" ప్యాకెట్ వెనక కూడా చదవండి. సెన్నా అని ఉంటే అది మన సునాముఖే. సహజం అని రాసినంత మాత్రాన రోజూ తాగేది కాదు. బరువు తగ్గినట్టు కనిపించేది నీళ్ళు పోవడం వల్ల. తిన్న అన్నంలోని శక్తి చిన్నపేగులోనే ఒంటికి పట్టేస్తుంది, ఈ మందు పనిచేసేది పెద్దపేగులో. ఇలా బరువు కోసం మింగడం ఎక్కువై, 2020లో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ ఈ రకం మందుల ప్యాకెట్లు చిన్నవి చేసి, బరువు తగ్గడానికి పనికిరావని హెచ్చరిక వేయించింది.

ఆ అమ్మాయికి ఇప్పుడు నాలుగో నెల అన్నారు కదా? మరైతే ఆ టీ ఇవాళే ఆపించండి. ఐరన్ మాత్రల వల్ల బిగిసిపోతోందేమో, దానికి ఐరన్ మాత్రం మానెయ్యనివ్వకండి. డాక్టరమ్మకు చెబితే మాత్ర మారుస్తారు, లేదా ఇసబ్‌గోలో, లాక్టులోజో రాస్తారు. లాక్టులోజ్‌తో మొదట్లో కాస్త గ్యాస్, ఉబ్బరం ఉంటాయి. రెండు రోజులకు గానీ పనిచెయ్యదు. ఆ సంగతి ముందే చెప్పండి, మధ్యలో వదిలెయ్యకుండా.

మీ మామగారి విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మంచం మీదున్న పెద్దవాళ్ళకు మలం లోపల రాయిలా గడ్డకట్టి, దాని పక్కనుంచి నీళ్ళలా కారుతుంది. ఇంట్లోవాళ్ళు విరేచనాలనుకుని ఆపే మాత్ర వేస్తారు. అప్పుడింకా బిగుసుకుపోతుంది. రోజుల తరబడి రాకుండా ఉండి ఒక్కసారిగా పల్చగా బట్ట తడుస్తుంటే డాక్టరుకు చూపించండి. పడుకున్న మనిషి నోట్లో లిక్విడ్ పారఫిన్ పొయ్యకండి, అది ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా. కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్ళకు మెగ్నీషియం ఉన్న మందు పనికిరాదు. ఫాస్ఫేట్ ఎనిమా కూడా సొంతంగా వద్దు. 24 గంటల్లో ఒక్క డోసు మించితే కిడ్నీకి, గుండెకు ముప్పు అని అమెరికా ఎఫ్‌డీఏ 2014లోనే హెచ్చరించింది. ఆయన వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళి చూపించండి. కొన్ని బీపీ మాత్రలు, నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు, కాల్షియం, ఇవన్నీ బిగించేవే. మూలం అక్కడే ఉంటే పైన ఎన్ని సీసాలు పోసినా ఏం లాభం?

మళ్ళీ మీ అబ్బాయి దగ్గరికొద్దాం. ఈ ఐటీ కారిడార్‌లో కుర్రాళ్ళు ఎలా బతుకుతున్నారో చూస్తూనే ఉన్నాం. 1998లో వాజ్‌పేయీ గారు సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటి నుంచి ఈ చుట్టుపక్కల లక్షలమంది కుర్చీలో కూర్చునే పని చేస్తున్నారు. మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వాళ్ళు, గచ్చిబౌలి ఏఐజీ ఆస్పత్రి డాక్టర్లు కలిసి 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ఒక పరిశోధన ప్రచురించారు. నూటికి 84 మందికి కాలేయంలో కొవ్వు పేరుకుందట. అది కాలేయం గురించిన లెక్కే అనుకోండి. కానీ గంటల కొద్దీ కదలకపోవడం, వేళ తప్పిన తిండి, నిద్రలేమి పేగును మాత్రం వదులుతాయా? పేగుకు దాని వేళలు దానికుంటాయి. నిద్ర లేచాక, ముఖ్యంగా ఏదైనా తిన్నాక గట్టిగా కదులుతుంది. సరిగ్గా అప్పుడే వీళ్ళు క్యాబ్ కోసం పరిగెత్తుతారు, లేదంటే మీటింగ్‌లో బిగబట్టి కూర్చుంటారు. పదేపదే బిగబడితే ఆ కబురే రావడం మానేస్తుంది. లోపలున్న మలంలో నీరు ఇంకిపోయి గట్టిపడుతుంది.

కాబట్టి మీ వాడు ఏ వేళకు నిద్ర లేస్తే ఆ వేళకు ఇంత తినిపించి, ఫోన్ లేకుండా పది నిమిషాలు కూర్చోమనండి. ఫ్లాట్లలో అన్నీ కమోడ్‌లే కదా, పాదాల కింద చిన్న పీట వేసుకుంటే మోకాళ్ళు పైకొచ్చి దారి సాఫీ అవుతుంది. తిండి సంగతికొస్తే, మన తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, 2024లో వాళ్ళిచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, 100 గ్రాముల పండ్లు తినమన్నారు. అర్ధరాత్రి బిర్యానీలో అవెక్కడుంటాయి? కొండాపూర్ రోడ్ల మీద సాయంత్రాలు వేడివేడిగా జొన్నరొట్టెలు చేసి అమ్ముతున్నారు, రెండు కట్టించుకుని తోటకూర పప్పుతోనో, గోంగూరతోనో డబ్బాలో పెట్టండి. ఒక జామకాయ వెయ్యండి. పీచు ఒక్కసారిగా పెంచితే ఉబ్బరం వస్తుంది, వారం రెండు వారాల్లో మెల్లగా పెంచాలి. దానికి తగ్గట్టు నీళ్ళూ తాగాలి. ఏసీలో కూర్చుంటే దాహం తెలియదు, బాటిల్ బల్ల మీద ఎదురుగా ఉండాలి. సెలవు రోజైనా కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌లో నాలుగు చుట్లు నడిపించండి.

ఇంకొక్క మాట చెప్పి వదిలేస్తాను. కడుపు గట్టిగా నొప్పి చేసి, వాంతులవుతూ, గ్యాస్ కూడా పోకుండా ఉంటే విరేచనం మందు చుక్క కూడా వెయ్యకూడదు. అపెండిక్స్ కావచ్చు, పేగు మూసుకుపోయి ఉండొచ్చు, మందు పడితే ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు నేరుగా ఎమర్జెన్సీకే. మలంలో రక్తం, తారులా నల్లటి విరేచనం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, 50 దాటాక కొత్తగా అలవాటు మారడం, వీటిలో ఏది కనిపించినా "పైల్స్ లే" అని సర్దుకోవద్దు, గ్యాస్ట్రో డాక్టరుకు చూపించాలి. ఐరన్ మాత్రలతో కూడా నల్లగా రావచ్చు, ఆ తేడా డాక్టరు చెప్పాలి.

మీ వాడు సాయంత్రం లేచాక నా దగ్గరికి పంపండి. సిగ్గుపడాల్సిన పని లేదని చెప్పండి. నెల రోజులు మింగాడు కాబట్టి డాక్టరును కలిసి పొటాషియం, థైరాయిడ్, షుగర్ పరీక్షలు కావాలేమో అడగమంటాను. బైసకోడిల్ మాని ఇసబ్‌గోల్ ఎలా మొదలుపెట్టాలో కూడా ఆయన్నే అడగాలి. వేసుకున్న మాత్రలు, వేసుకున్న వేళలు ఒక కాగితం మీద రాసుకెళ్ళమనండి, అడిగినప్పుడు తడుముకోకుండా.