దొర దినచర్యలో మనవాళ్ళు



పోయిన భాగం చదివిన విద్యార్థులు కొందరు ఒకే ప్రశ్న వేశారు. "అన్నా, క్యాంపస్‌లో మమ్మల్ని బియ్యానికి మతం మారినోళ్ళు అంటున్నారు. ఏం చెప్పాలి?"

ఈ మాట నాకూ కొత్త కాదు. చదువుకునే రోజుల్లో హాస్టల్ మెస్‌లో విన్నాను. తర్వాత ఒక సెమినార్‌లో మైకు పట్టుకున్న పెద్దమనిషి నోట విన్నాను. దీనికి నినాదంతో జవాబు చెప్పొచ్చు గానీ, ఎదుటివాడు ఇంకో నినాదం ఇస్తాడు. అందుకే ఇవాళ ఒక మిషనరీ రోజులు ఎలా గడిచాయో చూద్దాం. ఆయన ఎవరితో మాట్లాడాడు, ఎవరి వెంట నడిచాడు, ఎవరి గొడవలు మోశాడు? అది తెలిస్తే ఎవరు ఎవర్ని మార్చారో తెలుస్తుంది.

ఆయన జాన్ క్లౌ. మన ఒంగోలు వైపు క్లౌ దొర. 1836లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. కుర్రతనంలో సర్వే పని నేర్చుకున్నాడు. అది ఆయనకి తర్వాత ఎలా పనికొచ్చిందో కింద చెప్తాను. 28 ఏళ్ళ వయసులో, 1864 చివర, భార్య హారియట్‌తో కలిసి బోస్టన్‌లో ఓడెక్కాడు. అప్పటికి నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ మొదలై పాతికేళ్ళు కావస్తోంది. చేరినవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఈ మిషన్ మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. అలాంటి చోటికి వచ్చాడు.

ముందు నెల్లూరులో ఉండి తెలుగు నేర్చుకున్నాడు. 1866 సెప్టెంబరులో ఒంగోలు చేరాడు. పరాయి దేశంలో యువ మిషనరీ అంటే మనకి తెల్లగుర్రం, టోపీ, బైబిలు గుర్తొస్తాయి. నిజానికి మొదటి రోజుల్లో ఆయన పని చిన్నపిల్లాడి పని. మాట నేర్చుకోవాలి. ఎండకి ఓర్చుకోవాలి. ఎవరితో మాట్లాడితే ఎవరు దూరం జరుగుతారో తెలుసుకోవాలి. ఈ మూడోది ఏ మిషన్ ఆఫీసూ నేర్పదు. ఊరే నేర్పుతుంది.

ఊరు తొందరగానే నేర్పింది. ఒంగోలులో పై కులాలవాళ్ళు తమ పిల్లలకి బడి కావాలని దొర దగ్గరికి వచ్చారు. ఇంగ్లీషు చదువు కావాలి, డబ్బూ ఇస్తామన్నారు. ఇంతలో మాదిగలు రావడం మొదలైంది. ఈళ్ళని చేర్చుకుంటే మేం రామని పెద్దలు తెగేసి చెప్పారు. క్లౌ, హారియట్ వేరువేరు గదుల్లో కూర్చుని బైబిలు తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీయులకు పత్రికలో ఒకే చోటు దొరికిందని, అది లోకం తక్కువగా చూసే మనుషుల గురించిన మాట అని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. ఆయన దాన్ని దేవుడి సూచన అన్నాడు. నేను ఇంకోటి కూడా చూస్తాను. ఆ రోజు ఆ ఇంటి ముందు మాదిగలు వచ్చి నిలబడకపోతే ఆ పేజీ తెరవాల్సిన అవసరమే రాదు. పైకులాల బడి నడుపుకుంటూ ఆయన హాయిగా గడిపేసేవాడు.

మరి వాళ్ళెలా వచ్చారు? ఎర్రగుంట్ల పేరయ్య పేరు మీలో ఎంతమందికి తెలుసు?

పేరయ్య మాదిగ. తోళ్ళ వ్యాపారం మీద తిరిగేవాడు. అంతకుముందే గురువుల దగ్గర రాజయోగం నేర్చుకున్నవాడు. అంటే దేవుడి గురించి ఆలోచించడానికి తెల్లవాడి కోసం కాచుకుని కూర్చున్న మనిషి కాదు. ఏలూరు వైపు పోయినప్పుడు క్రైస్తవ బోధ విన్నాడు. తిరిగొచ్చి తనవాళ్ళకి చెప్పడం మొదలుపెట్టాడు. 1866 మొదట్లో, క్లౌ ఒంగోలులో కాపురం పెట్టకముందే, పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది పాత మిషనరీ జూయెట్.

1867 జనవరి ఒకటిన ఒంగోలు సంఘం ఏర్పడింది. సభ్యులు ఎనిమిది మంది. అదే నెల పేరయ్య పిలిస్తే క్లౌ తాళ్ళకొండపాడు వెళ్ళాడు. అక్కడ చింతతోపులో జనం మూటలతో, వండుకోవడానికి సరుకులతో ముందే వచ్చి కూర్చున్నారు. నాలుగు రోజులు ఉండి విందామని ఇంటి నుంచి తిండి కట్టుకొచ్చుకున్న మనుషులు! ఆ తడవ బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు 28 మంది. బియ్యం ఎవరు ఎవరికి పెట్టారో మీరే చెప్పండి.

ఇక దొర రోజులన్నీ ఇలాగే నడిచాయి. చలికాలంలో టెంటు, బండ్లు కట్టుకుని పల్లెల మీద తిరగడం. పల్లె అంటే వాడ. ఊళ్ళోకి పోయే దారి వేరు, వాడకి పోయే దారి వేరు. ఈయన వాడ దారి పట్టాడు. ఒంగోలులో ఉన్న రోజుల్లో బంగళా ముందు జనం. వాళ్ళంతా పాపాలు ఒప్పుకోవడానికి రాలేదు. బావి దగ్గరికి రానివ్వడం లేదని వచ్చారు. దొంగకేసు పెట్టారని వచ్చారు. కొట్టారని వచ్చారు. ఆయన పొద్దంతా వాళ్ళ కష్టాలు వినడం, తెల్ల అధికారులకి వాటి గురించి చెప్పడం.

ఎందుకు కొట్టారు? చేరేవాళ్ళకి మిషన్ పెట్టిన షరతులు ముఖ్యంగా మూడు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకి మొక్కకూడదు. అమెరికాలో కూర్చున్నవాడికి ఇవి మామూలు మతనియమాలు. మన ఊళ్ళో మాత్రం ఇవి ఊరి కట్టుబాటు గుండె మీద తన్నినట్టు. జాతరలో డప్పు ఎవరు కొట్టాలి? చచ్చిన గొడ్డు ఎవరు ఈడ్చాలి? కోతల రోజుల్లో ఆదివారమని మాదిగ ఇంట్లో కూర్చుంటే కామందు గతేంటి? యూనియన్ లేదు, జెండా లేదు. అయినా వారానికొక రోజు పనికి రామని చెప్పడం మనవాళ్ళకి అక్కడ అలవాటైంది. నేను దాన్ని సమ్మె అనే అంటాను. మా నాయనమ్మ ఆదివారం చేలోకి దిగేది కాదు. తిట్లు తిన్నా దిగేది కాదు. చిన్నప్పుడు దాన్ని భక్తి అనుకున్నాను. భక్తే. దాంతోపాటు మూడు తరాల మొండితనం కూడా.

ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. చచ్చిన గొడ్డు తినొద్దన్న షరతులో మన తిండిని నీచంగా చూసే చూపు కూడా ఉంది. ఆ మాంసం మనవాళ్ళ మీద రుద్దింది కులం, కరువు. ఆ తిండిని మన పాపంగా లెక్కగట్టింది మిషన్. ఈ రెండూ మనం చర్చించుకోవాల్సిందే. దొరని దేవుడిని చేయడానికి నేను ఈ వ్యాసం రాయడం లేదు.

ఇప్పుడు కరువు దగ్గరికి వద్దాం. "బియ్యం క్రైస్తవులు" అన్న మాటకి ఆధారంగా చూపేది 1876–78 నాటి ధాత కరువునే. అప్పుడు క్లౌ ఏం చేశాడు? బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. పాత సర్వే పని ఇక్కడ పనికొచ్చింది. మిగతా చోట్ల మేస్త్రీలు కూలీలని పీడిస్తున్నారు. ఇక్కడ మేస్త్రీలు మాదిగ బోధకులు. జనం మట్టి తవ్వి కూలి తీసుకున్నారు. ఎవరి దానమూ తినలేదు.

ఇంకా ముఖ్యమైన సంగతి. కరువు సాగినంతకాలం, దాదాపు పదిహేను నెలలు, క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదనే ఆపాడు. సాయం పంచే పని ముగింపుకొచ్చాక, ఇక ఇచ్చేందుకు ఏమీ లేదని చెప్పి పంపేసినా జనం కదల్లేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. క్యాంపస్‌లో ఎవరైనా ఆ మాట అంటే ఈ తేదీ చెప్పండి.

ఆ రోజు నీళ్ళలో నిలబడి బాప్తిస్మాలు ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని ఇచ్చారు. క్లౌ ఒక్కరికి కూడా ఇవ్వలేదు. ప్రపంచమంతా ఆయన పేరుతో చెప్పుకున్న రోజున పని చేసిన చేతులు మనవి.

ఇది మొదటి నుంచీ ఉన్నదే. 1854 జనవరి ఒకటిన తెల్లవారుజామున ఒంగోలు కొండమీద ప్రార్థన చేసింది అయిదుగురు. జూయెట్ దంపతులు ఇద్దరు. మిగతా ముగ్గురు జూలియా, రూతు, క్రిస్టియన్ నర్సు అనే తెలుగువాళ్ళు. కొండ కథలో మాత్రం జూయెట్ పేరే పెద్దగా వినిపిస్తుంది.

మనవాళ్ళ గురించి కొంతైనా రాసి పెట్టింది ఒక స్త్రీ. హారియట్ పోయాక క్లౌ పెళ్ళాడిన ఎమ్మా రౌషెన్‌బుష్. మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన చేసిన మనిషి. 1899లో మాదిగల కథలతో "వైల్ సూయింగ్ శాండల్స్" తెచ్చింది. 1910లో క్లౌ చనిపోయాక, ఆయన చెప్పిన జీవితకథని 1914లో "సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్" పేరుతో అచ్చు వేయించింది. విద్యార్థులు ఈ రెండూ చదవాలి. విమర్శతోనే చదవాలి. పేరయ్య, నాగమ్మ అందులో దొరుకుతారు.

కథ ఇక్కడితో ఆగలేదు. 1903లో తెలుగు బాప్టిస్టులు తమ సొంత హోమ్ మిషన్ సొసైటీ తరఫున జాన్ రంగయ్యని దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి మిషనరీగా పంపారు. ఒప్పంద కూలీలుగా పోయిన తెలుగువాళ్ళ మధ్య పని చేయడానికి. భార్యాపిల్లలతో వెళ్ళాడు. ఆ డిసెంబరులోనే కియర్స్నీలో తెలుగు సంఘం ఏర్పడింది. మూసేద్దామనుకున్న మిషన్ నుంచి సముద్రం దాటి తెలుగు మిషనరీ బయల్దేరాడు! క్లౌ అనుభవించిన పరాయితనం ఆయనకీ ఉండే ఉంటుంది. కానీ వెనక బోస్టన్ లేదు. ఆయన్ని పంపింది మన పల్లెల సంఘాలు.

ఇంత చరిత్ర ఉన్నవాళ్ళకి 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఏం చెప్పింది? క్రైస్తవుడివైతే ఎస్సీవి కాదు అంది. తర్వాత 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి తలుపు తెరిచారు. మనకి మూసే ఉంచారు. బావి దగ్గర మాత్రం ఎవరూ మతం అడగలేదు, కులమే అడిగారు.

అందుకే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ సెలవులకి ఇంటికి పోయినప్పుడు ఒక పని చేయండి. మీ వాడలో మొదటి బోధకుడు ఎవరు, మొదటి బైబిలు స్త్రీ ఎవరు, ఆదివారం పనికి పోనందుకు దెబ్బలు తిన్నదెవరు, ముసలోళ్ళని అడగండి. పేర్లు రాసుకోండి. సంఘం పాత రిజిస్టర్లు ఉంటే ఫొటోలు తీయండి. వచ్చే భాగంలో ఆ పేర్లతోనే మాట్లాడుకుందాం.

జై భీమ్.